వినికిడికి రక్ష

ఇంటిలో నొకరికి పెనురోగము సంభవించినపుడు వైద్యుని మనమడుగు ప్రశ్న యొక్కటియే: "బ్రతుకునా?" ఆ ప్రశ్నకు అనుకూలమైన ఉత్తరము లభించినచో తక్కిన వన్నియు మఱచిపోవుదుము. ఇందు తప్పులేదు, మానవ స్వభావమే యట్టిది. కాని బ్రతికినవాడు ఎట్లు బ్రతుకును, చూడగలడా, వినగలడా, నలుగురిలో కూర్చుండి మాటాడగలడా యను రెండవ ప్రశ్న యొకటి కలదు. ఈ రెండవ ప్రశ్నను వేసికొనుటకు వైద్యశాస్త్రమునకు సహితము చాలకాలము పట్టినది. రాచపుండును మాన్పుటకై యిచ్చు మందు చెవిని చెరచుటయు, ఆ చెవిని కాపాడుటకై పండితులు చేసిన ప్రయత్నమును ఈ రెండవ ప్రశ్న యొక్క చరిత్రమే. దానిని మా చదువరుల ముందుంచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మందు చెవిని బాధించుట క్రొత్త సంగతి కాదు. 1820 సంవత్సరమున ఫ్రాన్సు దేశమందు పెల్టియే, కావెంతూ అను నిరువురు రసాయనజ్ఞులు సింకోనా పట్టనుండి క్వినైనును వేరుచేసిరి. చలిజ్వరముల పాలబడిన మన మన్యసీమలలో దాని నెఱుగనివారు లేకుండిరి. ఎక్కువగా మ్రింగినచో చెవులు గింగురుమనునని పెద్దలు చెప్పెడివారు. అయితే మందు మానినపిదప ఆ గింగురు సాధారణముగా తగ్గిపోవుచుండెను గనుక ఎవ్వరును దానిని పెద్ద యపాయముగా తలంపలేదు. 1943 లో అమెరికాలో వాక్స్‌మన్ పండితుని ప్రయోగశాలయందు స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. క్షయరోగులకు అది అమృతమే. కాని కొలదికాలములోనే, దానిని పుచ్చుకొన్నవారిలో కొందరు తలతిరిగి తూలుటయు, దాని తోబుట్టువైన మఱియొక మందును పుచ్చుకొన్నవారిలో కొందరు చెవిటివారగుటయు వైద్యులు చూచిరి. ఈసారి మందు మానినను పోయిన వినికిడి తిరిగి రాలేదు. ప్రాణమునకును చెవికిని బేరము కుదుర్చుకొనవలసిన దుఃస్థితి అప్పుడు మొదలైనది.

మన కథకు ప్రధానమైనవి మూడు. చంపునది యొకటి, చచ్చునది యొకటి, కాపాడునది యొకటి. విచిత్రమేమనగా ఈ మూడును 1851 నాటికే లోకమునకు తెలిసియుండెను. వానికి గల సంబంధమును మాత్ర మెవ్వరు నెఱుగరు. 1819 లో ఇంగ్లండునందు జాన్ హెర్షెల్ పండితుడు, నేడు సోడియం థయోసల్ఫేట్ అని పిలువబడు లవణము వెండి లవణములను కరగించునని కనుగొనెను. ఫొటోలు తీయువారు చీకటిగదులలో ఎన్నో యేండ్లు వాడిన "హైపో" ఇదియే. 1844 లో ఇటలీ దేశస్థుడగు మికేలే పెయ్రోనే ప్లాటినము, అమ్మోనియా, క్లోరిన్ కలిసిన యొక పసుపుపచ్చని పదార్థమును తయారుచేసెను. 1851 లో మఱియొక ఇటలీ దేశస్థుడు, అల్ఫాన్సో కోర్టి, లోపలి చెవియందు నత్తగుల్లవలె చుట్టుకొనియున్న భాగములో, ధ్వనిని గ్రహించు సూక్ష్మకణముల వరుసలను వర్ణించి ప్రకటించెను. పెయ్రోనే చేసిన పదార్థము కోర్టి చూచిన కణములను చంపుననియు, హెర్షెల్ యెఱిగిన లవణము వానిని కాపాడుననియు తేలుటకు నూఱేండ్లకు పైగా కావలసి వచ్చెను. జ్ఞానము సంపాదించుట యొక పని. సంపాదించిన దానిని జతపఱచుట మఱియొక పని.

రాచపుండును మందుతో ఎదుర్కొనవచ్చునను నాశ యిరువదవ శతాబ్దపు నడుమ పుట్టినది. అందు తెలుగువారు గర్వింపదగిన పేరొకటి కలదు. 1895 లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు నాయకులై యుండగా, అచ్చట తయారైన అమినోప్టెరిన్ అను మందును బోస్టను నగరమందు సిడ్నీ ఫార్బరు వైద్యుడు రక్తపు కాన్సరుతో మరణించుచున్న పిల్లలకిచ్చి, కొందఱిలో రోగము తాత్కాలికముగా వెనుకకు తగ్గుటను చూచి, 1948 లో ప్రకటించెను. సుబ్బారావుగారు ఆ సంవత్సరముననే కాలధర్మము నొందిరి. ఆ మందునకు దగ్గఱి బంధువైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. ఆ మందుల వర్గము చెవిని చెరచునది కాదు. కాని బిడ్డకు రసాయన చికిత్స చేయవచ్చునను ధైర్యమును లోకమున కిచ్చినది అదియే.

పెయ్రోనే పదార్థము మరల వెలుగునకు వచ్చిన విధము మిక్కిలి వింతయైనది. 1960 ల దశకమున మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయములో బార్నెట్ రోజెన్‌బర్గు అను భౌతికశాస్త్రజ్ఞుడు విద్యుత్తు జీవకణముల విభజనమును మార్చునా యని పరీక్షింపదలచెను. ద్రవములో సూక్ష్మజీవులను పెంచి, ప్లాటినపు కడ్డీలద్వారా విద్యుత్తును ప్రసరింపజేసెను. సూక్ష్మజీవులు రెండుగా చీలుట మాని, సన్నని దారములవలె పొడుగుగా సాగిపోయెను. ఇది విద్యుత్తు మహిమ యని మొదట తోచెను. విచారింపగా కారణము విద్యుత్తు కాదు. కడ్డీలనుండి కరగి ద్రవములో కలిసిన ప్లాటినపు సమ్మేళనము. ఈ సంగతి 1965 లో ప్రకటింపబడెను. కణవిభజన మాపునది రాచపుండును గూడ నాపవలదా యని ఎలుకలపై ప్రయోగించి, 1969 లో ఆ సమ్మేళనము కంతులను కరగించుటను ప్రకటించిరి. నూటయిరువదియైదేండ్ల క్రితము పెయ్రోనే చేసిన పదార్థమే సిస్‌ప్లాటిన్ అను పేరుతో వైద్యుల చేతికి వచ్చెను.

1970 ల తొలినాళ్ళలో దానిని రోగుల కిచ్చిరి. కంతులు కరగుచుండెను, కాని భరింపరాని వాంతులు కలుగుచుండెను, మూత్రపిండములు దెబ్బతినుచుండెను. ఇంత క్రూరమైన మందు మనకేల యని విడిచిపెట్టుదు రేమో యను స్థితి వచ్చినది. అప్పుడు కొందఱు, రోగికి విశేషముగా నీరెక్కించి మూత్రము ధారాళముగా పోవునట్లు చేసినచో మూత్రపిండములు నిలుచునని కనుగొనిరి. మందును మానుకొనలేదు, అది చేయు హానిని మానిపించిరి. ఈ పాఠము మనకు ముందు ఉపయోగపడును. ఇండియానా విశ్వవిద్యాలయమున లారెన్స్ ఐన్‌హార్న్ వైద్యుడు 1974 నుండి వృషణముల కాన్సరు ముదిరిన యువకులకు సిస్‌ప్లాటిన్‌ను మఱి రెండు మందులతో కలిపి యిచ్చి, అంతకుముందు దాదాపుగా మరణమే శరణ్యమైన వారిలో పెక్కుమందిని బ్రతికించెను. 1978 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము ఆ మందును అనుమతించెను. నేడు పిల్లలలో కాలేయపు కంతులకును, ఎముకల కాన్సరునకును, నాడీమండలపు కంతులకును, పెద్దలలో కంఠము, అండాశయము, ఊపిరితిత్తులు మొదలగు వాని కాన్సరులకును అది ముఖ్యమైన ఆయుధము.

మూత్రపిండములు దక్కినవి. చెవి దక్కలేదు.

లోపలి చెవిలోని నత్తగుల్ల సుమారు రెండున్నర చుట్లు గలది. దాని నిండ ద్రవ ముండును. అందు రోమకణములు నాలుగు వరుసలుగా నుండును. లోపలి వరుసలోనివి సుమారు 3,500. వెలుపలి మూడు వరుసలలోనివి సుమారు 12,000. లోపలివి ధ్వనిని మెదడున కందించును. వెలుపలివి మెల్లని ధ్వనిని పెంచి, దగ్గఱ దగ్గఱ స్వరములను వేఱుపఱచును. నత్తగుల్ల మొదట కీచుస్వరములును, కొనయందు మంద్రస్వరములును వినబడును. సిస్‌ప్లాటిన్ రక్తముద్వారా అచ్చట ప్రవేశించి, వెలుపలి రోమకణములను మొదటి చుట్టునుండి చంపుచు పైకి పోవును. పక్షులలో నిట్టి కణములు చచ్చినను మరల మొలచునని 1988 లో పండితులు నిరూపించిరి. మనుష్యునకు ఆ భాగ్యము లేదు, పోయినది పోయినట్లే. ఇంతేకాక, తక్కిన యవయవములనుండి ప్లాటినము క్రమముగా తొలగిపోవుచుండగా నత్తగుల్లలో మాత్రము నెలలు, ఏండ్లు నిలిచియుండునని 2017 లో అమెరికా పరిశోధకులు కనుగొనిరి. చికిత్స ముగిసిన చాలకాలమునకు వినికిడి మఱింత తగ్గుటకు ఇదియు నొక కారణము కావచ్చును.

కీచుస్వరములు వినబడకున్న నష్టమేమి యని కొందఱడుగవచ్చును. మన భాషనే తీసికొనుడు. అచ్చులు చాలవఱకు మంద్రస్థాయిలో బలముగా వినబడును. స, శ, ష, చ వంటి హల్లులు ఎత్తైన స్థాయిలో మెల్లగా ధ్వనించును. ఆ స్థాయి పోయినవానికి "కాసు", "కాపు", "కాటు" అను మూడు మాటలు నించుమించుగ నొక్కటియే. అతనికి శబ్దము వినబడును, మాట తెలియదు. పెద్దవాడైనచో భాష ముందే వచ్చును గనుక సందర్భమునుబట్టి ఊహించుకొనును. మూడేండ్ల బిడ్డ యేమి ఊహించును? వినని హల్లును పలుకుట ఎట్లు నేర్చును? ఈ మందు అయిదేండ్లలోపు పిల్లల చెవిని మఱింత యెక్కువగా బాధించుట యీ దుఃఖమును ద్విగుణీకృతము చేయుచున్నది.

మేమెఱిగిన యొక కుటుంబమున నొక బాలుడు పసితనములో కాలేయపు కంతితో బాధపడి ఈ చికిత్సచే బ్రతికెను. ఇంటిల్లిపాది దేవునకు మ్రొక్కులు చెల్లించిరి. బడిలో వేసినపిదప ఉపాధ్యాయులు "వీనికి పరధ్యాన" మనిరి. తండ్రి "మొండితన" మని దండించెను. ఇంట ముసలి నాయనమ్మ యొక్కతె యసలు సంగతిని పసిగట్టెను. "నాయనా, వీనికి తలుపు చప్పుడు వినబడుచున్నది గాని, చెల్లెలి కాలి మువ్వలు వినబడుట లేదురా" అని ఆమె చెప్పినది. పరీక్ష చేయింపగా ఆమె మాటయే నిజమైనది. అప్పటికి వాని కెనిమిదేండ్లు. పోగొట్టుకొన్న అయిదేండ్ల చదువును, తినిన దెబ్బలను ఎవరు తిరిగి యీయగలరు? చికిత్స జరిగిన కాలమున చెవిని పరీక్షింపవలెనని ఆ తలిదండ్రులకు చెప్పినవారు లేరు; అడుగవలెనని వారికిని తెలియదు.

ఇక కాపాడునది వచ్చిన విధము. థయోసల్ఫేటులోని గంధకమునకు ప్లాటినమును పట్టుకొని బంధించు స్వభావము కలదు. అట్లు బంధింపబడిన ప్లాటినము హాని చేయజాలదు. అది సయనైడు విషమునకు విరుగుడుగా ముందే వాడుకలో నుండెను. 1980 ల ఆరంభమున కొందఱు వైద్యులు సిస్‌ప్లాటిన్‌ను కడుపులోనికిని, థయోసల్ఫేటును రక్తములోనికిని ఎక్కించి మూత్రపిండములను కాపాడ యత్నించిరి. కాని చెవి విషయమున చిక్కొకటి యున్నది. విరుగుడు విషమును పట్టుకొనును, సరే. కంతిని చంపవలసిన విషమును గూడ పట్టుకొనినచో రోగి గతి యేమి? శత్రువును కొట్టు కత్తిని మనమే మొద్దు చేసినట్లగును. 1990 ల దశకమున ఓరెగాన్ రాష్ట్రమందు ఎడ్వర్డ్ న్యూవెల్ట్ వైద్యుడును, ఆయన సహచరులును కాలమునే సాధనముగా చేసికొనిరి. మందు కంతిపై పనిచేయుటకు కొన్ని గంటల యవకాశ మిచ్చి, పిదప విరుగుడు నిచ్చినచో చెవి దక్కునని జంతువులలోను, తరువాత రోగులలోను చూపిరి.

దీనిని పిల్లలయందు సక్రమముగా పరీక్షించిన ప్రయత్నములు రెండు ముఖ్యమైనవి. అమెరికా పిల్లల కాన్సరు వైద్యసంఘము వారు జరిపిన పరీక్ష ఫలితములు 2017 లో వెలువడెను. వివిధ కాన్సరులు గల 125 గురు పిల్లలందు పాల్గొనిరి. చెవి పరీక్షకు వచ్చినవారిలో, విరుగుడు లేనివారికి నూటికి 56 మందికి వినికిడి చెడగా, విరుగుడు పొందినవారిలో నూటికి 29 మందికి మాత్రమే చెడినది. రెండవది లండను వైద్యురాలు పెనెలోపి బ్రాక్ నాయకత్వమున పలుదేశములలో, ఒకే విధమైన కాలేయపు కంతి గల పిల్లలలో జరిగినది. ఫలితములు 2018 లో వెలువడెను. సిస్‌ప్లాటిన్ ముగిసిన ఆఱు గంటలకు విరుగుడు నిచ్చిరి. విరుగుడు లేని 46 గురిలో 29 మందికి వినికిడి చెడెను. విరుగుడు గల 55 గురిలో 18 మందికి మాత్రమే చెడెను. మూడేండ్లకు బ్రతికియున్నవారు మొదటి వర్గమున నూటికి 92, రెండవ వర్గమున 98. అనగా చెవి దక్కినది. ప్రాణమునకు కొఱత రాలేదు.

ఇచ్చట నాగి, ఉత్సాహమున సత్యమును మఱుగుపఱుపక చెప్పవలసినది కలదు. మొదటి పరీక్షలో, కాన్సరు శరీరమందు పలుచోట్లకు వ్యాపించిన పిల్లలను వేఱుగా లెక్కించి చూడగా, విరుగుడు పొందినవారిలో మూడేండ్లకు బ్రతికినవారు నూటికి 45, పొందనివారిలో 84. ఈ లెక్క పరీక్ష ముగిసినపిదప విడదీసి చూచినది. పిల్లల రోగములును నానావిధములు. కాబట్టి ఇది విరుగుడు చేసిన కీడేయని రూఢిగా చెప్పుటకు వీలులేదు. కాని బిడ్డ ప్రాణముతో జూద మాడుట యెవరికి తగును? అందుచేతనే 2022 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము ఈ మందును అనుమతించినపుడు, నెల దాటిన పిల్లలకు, కంతి ఒక్కచోటనే యుండి వ్యాపింపని సందర్భమున మాత్రమే యని హద్దు గీచినది. మఱుసటి సంవత్సరము ఐరోపా దేశములలోను నట్టి హద్దుతోనే అనుమతి లభించినది. విజ్ఞానము తన హద్దును తానే చెప్పుకొనుట దాని బలహీనత గాదు, దాని నిజాయితీ.

మఱియొక విషయము మనస్సును కలతపెట్టుచున్నది. రెండు వందల యేండ్లనుండి ఎఱిగిన యీ లవణము ఫొటోలు కడుగువారికి కారుచవుకగా దొరకెడిది. అదియే పరిశుద్ధమైన ఔషధముగా, అనుమతి ముద్రతో సీసాలో చేరినపుడు అమెరికాలో దాని వెల వేలకొలది డాలర్లయినది. పరీక్షలకును, శుద్ధికిని వ్యయము కాకపోదు. అయినను పేదబిడ్డ చెవి ధనవంతుని బిడ్డ చెవికంటె తక్కువది కాదు గదా! మందును కనుగొనుట శాస్త్రజ్ఞుల ధర్మము. అది అందఱికి నందునట్లు చేయుట సంఘధర్మము. ఫొటోలకు వాడు లవణమే గదా యని తెచ్చి యెవ్వరును ప్రయోగింపరాదని వేఱుగా చెప్ప నక్కఱలేదు. ఔషధమునకు వలయు శుద్ధి వేఱు. ఇచ్చు మోతాదును, గడియయు తప్పినచో చికిత్సయే చెడును.

ఈ మందు అందనివారు చేయదగిన దేమియు లేదా? కలదు. చికిత్స మొదలు పెట్టకముందు ఒకసారియు, ప్రతి విడతకు ముందును, ముగిసినపిదప కొన్ని యేండ్లవఱకును చెవిని పరీక్షింప జేయవలెను. మాటలు రాని పసిబిడ్డకు పరీక్ష యెట్లని సందేహింప వలదు. ఆరోగ్యమైన చెవి తానే సన్నని ధ్వనిని వెలువరించునని డేవిడ్ కెంపు అను ఆంగ్లేయ పండితుడు 1978 లో చూపెను. ఆ ధ్వనిని కొలుచుటకు నిద్రించు శిశువైనను చాలును. సిస్‌ప్లాటిన్ అనుమతి పొందిన సంవత్సరముననే అది చేయు హానిని కనిపెట్టు మార్గమును లభించుట గమనింపదగినది. వినికిడి తగ్గుచున్నదని ముందుగా తెలిసినచో, రోగస్థితి యనుమతించినంతవఱకు వైద్యుడు మోతాదును మార్చవచ్చును. చెవిని తక్కువగా బాధించు కార్బోప్లాటిన్ వంటి దానిని ఆలోచింపవచ్చును. జ్వరము వచ్చినపు డిచ్చు అమికాసిన్, జెంటామైసిన్ వంటి మందులును చెవికి పగవే గనుక వానికి బదులు వేఱొకటి కలదేమో యడుగవచ్చును. పెళ్ళి మేళములు, టపాకాయల మ్రోతలనుండి బిడ్డను దూరముగా నుంచుట మన చేతిలోని పని.

వినికిడి తగ్గిన బిడ్డకు చెవియంత్రము నమర్చి, బడిలో ముందువరుసలో కూర్చుండబెట్టి, ఉపాధ్యాయునకు సంగతి తెలుపవలెను. ఇచ్చటనే మన యిండ్లలో పెద్ద యడ్డంకి. చెవియంత్రము పెట్టినచో లోకమునకు తెలిసిపోవుననియు, ఆడుపిల్లయైనచో సంబంధములు రావనియు దాచెడివారు నేటికిని కలరు. కంటి యద్దములను ముఖముననే ధరించి తిరుగు మనము చెవియంత్రమునకు సిగ్గుపడుట యేమి న్యాయము? దాచినంత మాత్రమున బిడ్డ వినునా? చెవిటితనమును హాస్యమునకు వస్తువుగా చేసికొను మన నాటకములు, సామెతలు, ఇంటి ముచ్చటలు ఈ సిగ్గునకు తల్లివేళ్ళు. మందు చేసిన హానికి విరుగుడు శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. ఈ హేళన చేయు హానికి విరుగుడు మన యిండ్లలోనే యున్నది.

"ప్రాణము దక్కినది చాలదా, చెవి సంగతి యేల?" అని కొందఱందురు. ప్రాణము దక్కుటయే అరుదుగా నున్న కాలమున ఆ మాట సహింపదగినది. నేడు ఈ కాలేయపు కంతి గల పిల్లలలో పెక్కుమంది బ్రతుకుచున్నారు. బ్రతికిన బిడ్డకు ముందు అఱువది డెబ్బది యేండ్ల జీవితము కలదు. తల్లి పాట, గురువు పాఠము, స్నేహితుని రహస్యము, రేపు తన బిడ్డ పలుకు తొలిపలుకు వినవలసిన జీవిత మది. దానిని నిశ్శబ్దమున విడిచి "చాలు" ననుట బ్రతికించిన వైద్యునకును తృప్తి నీయదు. కావున మా చదువరులలో నెవరి యింటనైనను ఈ చికిత్స జరుగవలసి వచ్చినచో, "బ్రతుకునా?" యను ప్రశ్న వెనువెంటనే "చెవి నెట్లు కాపాడుదురు?" అని వైద్యుని సవినయముగ నడుగుడు. ఆ నాయనమ్మ అయిదేండ్ల తరువాత వినిపెట్టిన దానిని మనము మొదటి దినముననే అడిగి తెలిసికొనవచ్చును.